పథ్యము చెప్పు చదువు



నేటి నా ప్రసంగమునకు విషయము పథ్యవిద్య. రోగికి ఏ యాహారము, ఎంత ప్రమాణమున, ఏ వేళ నీయవలెనో లెక్కగట్టి నిర్ణయించువారిని ఇప్పుడు డైటీషియనులని పిలుచుచున్నారు. ఆ వృత్తికి వలసిన చదువును ఇంటియందే కూర్చుండి, చేతిలోని ఫోనుద్వారమున, అనగా ఆన్‌లైనులో, పూర్తిచేయవచ్చునా? చేసినచో ఆ పట్టమునకు విలువ యుండునా? ఈ ప్రశ్న నేడు మన పల్లెలలో పెక్కు గృహములందు వినవచ్చుచున్నది. చిట్యాలలో చాలకాలము బడిపంతులుగా నుండి విశ్రాంతి గొన్న నాకడకు నా పూర్వవిద్యార్థులు తమ బిడ్డలను వెంటబెట్టుకొని వచ్చి ఈ సంగతినే అడుగుచున్నారు. వారిలో నెక్కువమంది ఆడపిల్లల తండ్రులు. నేను విచారించి తెలిసికొన్నదానిని మీకు నివేదించెదను. ఇందులో ఒక కుటుంబము కూడబెట్టిన ధనమును, ఒక బిడ్డ యౌవనమున మూడు నాలుగేండ్ల కాలమును ఇమిడియున్నవి గనుక కొంచెము శ్రద్ధతో వినుడని ప్రార్థించుచున్నాను.

పథ్యమను మాట మనకు క్రొత్తది గాదు. మన ఆయుర్వేదమునందు ఔషధమునకెంత స్థానము గలదో పథ్యమునకు నంత స్థానము గలదు. జ్వరము తగ్గినవానికి జావ, బాలింతకు వెల్లుల్లి కారము, విరేచనములైనవానికి మజ్జిగ యన్నము, ఇట్లు మన తల్లులు వంటింటినే వైద్యశాలగా నడపిరి. అందు చాలభాగము మేలైనదే. కాని కొంత కీడును కలదు. బాలింతకు దాహమునకు నీరీయకుండుట, ఆకుకూరలు మాన్పించుట మేలు చేయు నాచారములు గావు. లంఖణము పరమౌషధమని మనమందరము చెప్పుదుము. అజీర్ణము చేసినవానికి ఆ మాట సరియైనదే. ఇన్సులిను సూది వేసికొను మధుమేహరోగి సూది వేసికొని భోజనము మానినచో రక్తములోని చక్కెర ఒక్కుమ్మడిగా పడిపోయి, చెమటలు పట్టి, స్మృతి తప్పి, ప్రాణాపాయము సంభవింపవచ్చును. ఒకనికి మందైన మాట మరియొకనికి ముప్పగుచున్నది. ఎవనికేది హితమో విడదీసి చెప్పుటకు శాస్త్రము కావలెను.

ఆ శాస్త్రము మన ముంగిటనే పెరిగినది. 1918లో నీలగిరులయందలి కూనూరులో రాబర్టు మెక్‌కారిసన్ అను వైద్యుడు బెరిబెరి రోగమును పరిశోధించుటకై ఒక్క గదిలో చిన్న ప్రయోగశాలను నెలకొల్పెను. అది క్రమముగా పెరిగి 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థయను పేరు దాల్చినది. హైదరాబాదు తార్నాకలో నేటికిని అది కలదు. మన దేశమునందలి ఏ యాహారములో ఏ ధాతువెంత గలదో పట్టికలు వ్రాసి యిచ్చినవారు ఆ సంస్థవారే. 2017లో వెలువడిన వారి పట్టికలో 528 ఆహారపదార్థముల వివరము గలదు.

ఆ సంస్థవారు చేసిన పనిలో మన జొన్నకు సంబంధించినది ఒకటి చెప్పెదను. దక్కను పీఠభూమిలో జొన్ననే ప్రధానముగా తినువారికి పెల్లాగ్రా యను వ్యాధి వచ్చుచుండెను. ఎండ తగులు చేతులు, కాళ్లు, మెడ నల్లబడి పొరలు లేచుట, విరేచనములు, మతి చలించుట దాని లక్షణములు. నయాసిను అను విటమిను చాలకుండుటచే అది కలుగును. జొన్నలో ల్యూసిను అను నంశము అధికముగా నుండుటయే మూలమని డాక్టరు సి. గోపాలన్, డాక్టరు శ్రీకాంతియా గారలు 1960లో సూచించిరి. మరి 1973లో డాక్టరు కృష్ణమాచారి, డాక్టరు కమలా కృష్ణస్వామి గారలు నీటిలో ఫ్లోరైడు హెచ్చుగా నున్న మన తెలుగు ప్రాంతములందు, ఎదుగు వయసు పిల్లల మోకాళ్లు లోపలికి వంగి యొకదాని నొకటి తాకుటను వర్ణించిరి. ఫ్లోరైడు పీడ యనిన నేమో నల్లగొండ జిల్లావారికి వేరుగ చెప్పవలసిన పనిలేదు. 1977లో లక్ష్మయ్య, శ్రీకాంతియా గారలు బియ్యము తినువారికంటె జొన్న తినువారి దేహమున ఫ్లోరైడు ఎక్కువగా నిలుచునని పరీక్షించి చూపిరి.

ఇది విని జొన్నను దూషింపవలదు. నూరు గ్రాముల బియ్యములో మాంసకృత్తులు సుమారు 8 గ్రాములుండగా జొన్నలో సుమారు 10 గ్రాములు గలవు. పీచు బియ్యములో సుమారు 3 గ్రాములు, జొన్నలో సుమారు 10 గ్రాములు. కావుననే మధుమేహమున్నవానికి జొన్నరొట్టె మంచిదని నేడు చెప్పుచున్నారు. 2016లో మొదలైన మిషన్ భగీరథ పథకమున శుద్ధిచేసిన నదీజలము మన గ్రామములకు వచ్చిన పిమ్మట బోరునీటి కాలపు పరిస్థితియు మారినది. నా తాత్పర్యమేమనగా: ధాన్యమొక్కటే; త్రాగు నీటినిబట్టి, తోడుగా తిను పప్పు పాలనుబట్టి, తినువాని వయసునుబట్టి, రోగమునుబట్టి దాని ఫలము మారుచున్నది. ఫోనులో నొకడు జొన్న యమృతమనును, మరియొకడు విషమనును. ఇరువురును మన ముఖము చూచి చెప్పినవారు గారు.

ఇప్పుడు ఈ వృత్తివారి యవసరమెంతయో చూడుడు. 2023లో ప్రకటితమైన భారత వైద్య పరిశోధన మండలి యధ్యయనమునుబట్టి మన దేశమున మధుమేహులు సుమారు 10 కోట్ల మంది. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేనుబట్టి తెలంగాణమున 15 మొదలు 49 ఏండ్ల లోపు స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనులు. వైద్యుడు రోగిని చూచు కాలము కొలదియే. ఉప్పు తగ్గింపుము, చక్కెర మానుము అని చెప్పి ఆయన తరువాతి రోగిని పిలువవలెను. తొక్కు లేక ముద్ద దిగనివాడు ఉప్పు తగ్గించుట యెట్లు? దినమునకు 5 గ్రాములకు మించరాదనిన ఉప్పులో తొక్కునందలి యుప్పెంత, పచ్చిపులుసునందలి దెంత? వైద్యుని చీటికిని మన వంటింటికిని నడుమ నిలిచి దీనిని విప్పి చెప్పువారే డైటీషియనులు.

వారి పని యెంత సూక్ష్మమైనదో ఒక దృష్టాంతము చెప్పెదను. ఆకుకూర బలమని మనమందరమెరిగినదే. పుంటికూర, తోటకూర, గంగవాయిలికూర రక్తహీనురాలికి మంచివి. అందు నిమ్మరసము పిండికొని తినినచో ఇనుము బాగుగ నొంటబట్టును. భోజనముతోడనే చాయ త్రాగినచో నొంటబట్టదు. కాని మూత్రపిండములు చెడిన వృద్ధునికి అదే యాకుకూర, అదే కొబ్బరినీరు, హద్దు మీరినచో రక్తమున పొటాషియమును పెంచి గుండె లయను తప్పించును. అట్టివానికి కూరను సన్నముగా తరిగి, మిక్కిలి నీటిలో నుడికించి, ఆ నీటిని వార్చి, కొలతప్రకారము పెట్టవలెను. ఆ కొలత వాని రక్తపరీక్షనుబట్టి నిర్ణయింపవలెను, పరీక్ష మారినప్పుడు మార్చవలెను. ఒకే యింటిలో కోడలికి పెట్టుమన్న కూరను మామకు తగ్గింపుమని చెప్పవలసివచ్చును. చెప్పువాడు తెలిసినవాడు గాకున్న, మేలుచేయబోయి ప్రాణమునకే చేటు తెచ్చును.

ఇక చదువు సంగతి. దూరవిద్యయందు నాకు చిన్నచూపు లేదు. 1982లో హైదరాబాదున వెలసిన సార్వత్రిక విశ్వవిద్యాలయము దేశమునందలి సార్వత్రిక విశ్వవిద్యాలయములలో మొట్టమొదటిది. నేడది డాక్టరు అంబేద్కరు గారి పేర నున్నది. దానివలన మగ్గమునొద్ద, పొలమునొద్ద, కుట్టుమిషను నొద్ద నున్నవా రెందరో పట్టభద్రులైరి. 1985లో నేర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయమువారు డైటెటిక్సులో ఎం.యెస్సీ. చదువునే దూరవిద్యగా నడపిరి. పథ్యవిద్యలో గ్రంథభాగము చాల గలదు. దేహము ఆహారము నెట్లు జీర్ణించుకొనును, ఏ ధాతువు లోపించిన నేమి కలుగును, పట్టికలు చూచి క్యాలరీలు, మాంసకృత్తులు ఎట్లు లెక్కింపవలెను, ఇవి తెరమీద వినియు నేర్వవచ్చును. మంచి యుపన్యాసకుడు దూరమున నున్నను సన్నిధిలో నున్నట్లే బోధింపగలడు. నేను మీతో ఇప్పుడు మాటలాడుచున్నదియు దూరమునుండియే గదా.

కాని రెండవ భాగమొకటి గలదు. మ్రింగలేని రోగికి ముక్కులోని గొట్టముద్వారా పోయు ద్రవాహారమెంత చిక్కగా నుండవలెను? ఒళ్లు కాలినవానికి మాంసకృత్తు లెన్ని యింతలు పెంచవలెను? నిన్న నేమి తింటివి తల్లీ యని యడిగినప్పుడు సిగ్గుచే, భయముచే దాచు స్త్రీచేత నిజము చెప్పించుట యెట్లు? అత్తగారి యెదుట కోడలు తాను కడపట మిగిలినది తిన్నాననదు. గిన్నెను చేతబట్టి, ఈ గిన్నెతో నెన్ని మారులు పెట్టుకొంటివని యడిగినప్పుడు గదా లెక్క తేలును. ఇది మంచము ప్రక్కను నిలిచి, అనుభవజ్ఞుల కన్నుల యెదుట చేసి నేర్వవలసినది. వేదమునైనను గురుముఖమున విని, తాను వల్లించి, గురువుచేత దిద్దించుకొనినగాని స్వరము నిలువదు. పుస్తకములో చదివినవాడు ఈత నేర్చెనని మన చెరువుగట్టున నెవ్వరైన నమ్ముదురా?

ప్రభుత్వమువారును ఈ యభిప్రాయమునకే వచ్చినట్లున్నారు. 2021లో పార్లమెంటువారు వైద్యానుబంధ వృత్తులకై యొక జాతీయ కమిషనును నేర్పరచుచు శాసనము చేసిరి. ఆ శాసనపు పట్టికలో డైటీషియను, న్యూట్రిషనిస్టు అను వృత్తులు చేరియున్నవి. ఆరోగ్యవృత్తి నిపుణుడనిపించుకొనుటకు పట్టపు చదువు మూడు మొదలు ఆరేండ్ల వ్యవధిలో 3,600 గంటలకు తక్కువ గారాదని అందు నియమము గలదు. పిదప 2025 ఆగస్టులో విశ్వవిద్యాలయముల నిధుల సంఘమువారు, అనగా యూజీసీవారు, ఆ శాసనము క్రిందికి వచ్చు చదువులను ఆన్‌లైనులోగాని దూరవిద్యగాగాని నడపరాదని ప్రకటించిరి. ఆహార పోషకశాస్త్రము, క్లినికల్ న్యూట్రిషను, డైటెటిక్సు అందు జేరినవి. 2025 జూలై–ఆగస్టు విద్యాకాలము మొదలు క్రొత్తవారిని అట్లు చేర్చుకొనుట నిషిద్ధము. కావున నేడు మన దేశమున, ఇంటనే కూర్చుండి డైటెటిక్సు పట్టము పొందుడని పిలుచు ప్రకటనను చూచినప్పుడు ఈ సంగతిని మనసున నుంచుకొనుడు.

రిజిస్టర్డు డైటీషియను అను బిరుదు వేరు. దానిని ఇండియన్ డైటెటిక్ అసోసియేషను అను సంఘమువారు పరీక్షపెట్టి యిత్తురు. తగిన పోషకశాస్త్రపు చదువు, ఆసుపత్రిలో మాసములకొలది శిక్షణ, ఆ మీదట పరీక్ష, ఇది క్రమము. ఆరు వారములలో, మూడు మాసములలో నొక ధ్రువపత్రమిచ్చి, ఇక మీరు డైటీషియనులే యని చెప్పు సంస్థలు గలవు. అట్టి యొక ప్రకటనను మా బంధువర్గములోని యొక కన్య నాకు చూపినది. రుసుము తండ్రి యొక పంటకాలపు రాబడికి సమానము. రోగిని చూచుట మాట యందెక్కడను లేదు. అట్టి పత్రము గోడకు తగిలించుకొన పనికివచ్చును. ఆసుపత్రి వాకిట పనికిరాదు.

అమెరికాలో నెట్లున్నదందురా? మన పిల్లలు పెక్కుమంది అచ్చట నున్నారు గనుక చెప్పెదను. అచ్చట గ్రంథభాగమును ఆన్‌లైనులో బోధించు విశ్వవిద్యాలయములు కలవు. ఐనను 2024 జనవరి 1 మొదలు రిజిస్టర్డు డైటీషియను పరీక్షకు క్రొత్తగా కూర్చుండువారికి ఎం.యెస్సీ. వంటి స్నాతకోత్తర పట్టముండవలెనని నియమించిరి. దానితో పాటు పెద్దల పర్యవేక్షణలో కనీసము 1,000 గంటల శిక్షణ కావలెను. తెర యెంత పెద్దదైన దేశమునందును రోగి మంచమును వదలిపెట్టలేదని దీనివలన తెలియుచున్నది.

మరి ఆన్‌లైను విద్య వ్యర్థమా? వ్యర్థము గాదు. 2017లో కేంద్రప్రభుత్వమువారు ప్రారంభించిన స్వయం అను వేదికపై పోషకాహారమును గూర్చిన పాఠములు వినవచ్చును. ఇంటరులో జీవశాస్త్రము చదువుచున్న పిల్ల వానిని విని, ఈ విద్యయందు తనకు నిజముగా మనసు గలదో లేదో ముందుగా తెలిసికొనవచ్చును. కళాశాలలో చేరిన పిమ్మట అర్థముగాని భాగమును మరల వినవచ్చును. ఉద్యోగమున నున్నవారు తమ విద్యను పదును పెట్టుకొనవచ్చును. అంగన్‌వాడీ టీచరు విని తన కేంద్రములోని పిల్లలకు మేలు చేయవచ్చును. గృహిణి విని తన యింటికి మేలు చేయవచ్చును. ఇవన్నియు సత్ఫలములే. రోగికి పథ్యము వ్రాసియిచ్చు నధికారము మాత్రము వీనివలన రాదు.

పిల్లను ఈ చదువునకు పంపదలచినవారు రుసుము కట్టకమునుపు మూడు ప్రశ్నలడుగుడు. ఒకటి: ఈ పట్టమిచ్చు విశ్వవిద్యాలయమునకును, ఈ చదువునకును నేటి నియమములనుబట్టి గుర్తింపు గలదా? దానిని సంస్థవారి నోట గాక, యూజీసీవారి ప్రకటనలోను, జాతీయ కమిషనువారి ప్రకటనలోను చూచుకొనుడు. రెండు: ఆసుపత్రి శిక్షణ యేయూరిలో, ఏ యాసుపత్రిలో, ఎన్ని మాసములు? పేరు చెప్పలేనివారికి డబ్బీయకుడు. మూడు: ఈ చదువు ముగిసిన పిమ్మట రిజిస్టర్డు డైటీషియను పరీక్షకు కూర్చుండ నర్హత కలుగునా? దానిని వ్రాతమూలకముగా పొందుడు. ఈ మూడింటికిని సరియైన యుత్తరము వచ్చినచోట సంశయింపక చేర్పింపుడు. జాతీయ పోషకాహార సంస్థవారు స్వయముగా అప్లైడ్ న్యూట్రిషనులో ఎం.యెస్సీ. చదువు చెప్పుచున్నారు, ప్రవేశపరీక్ష గలదు. మన జిల్లా పిల్ల పట్టుదలతో చదివిన ఆ వాకిలి ఎక్కరానిది గాదు.

పెద్దలారా, ఇక మీతో సూటిగ నొకమాట. ఆన్‌లైను చదువును మీరు కోరుటకు కారణము రుసుము తక్కువ యగుటయే గాదు. పిల్ల కన్నుల యెదుట నుండును, హాస్టలు బెంగ యుండదు, సంబంధము కుదిరినంతనే పెండ్లి చేయవచ్చును అను తలంపును కలదు. ఆడపిల్లను గన్న తండ్రి భయమును నేను తేలికగా చూడను. కాని యోచింపుడు. మన చిట్యాల విజయవాడ రహదారిమీద నున్నది, రైలు గలదు. నార్కెట్‌పల్లిలో వైద్యకళాశాల గలదు, నల్లగొండలో నొకటి గలదు, బీబీనగరమున పెద్ద యాసుపత్రి వెలసినది. రేపు మీ గుండె, మీ మూత్రపిండములు ఇబ్బంది పెట్టినప్పుడు మీరు పోవునది అచ్చటికే. అచ్చట మంచము ప్రక్కను కూర్చుండి, గటుక యెంత త్రాగుదురు తాతా, తొక్కు ఎన్నిమార్లు వేసికొందురు అని మన మాటలో నడుగు బిడ్డ యుండవలెనా వద్దా? పరాయి ప్రాంతమువారు వ్రాసియిచ్చిన చీటిలో ఓట్లు, బ్రొకోలీ యని యుండిన, దానిని మడిచి జేబులో పెట్టుకొని యింటికి వచ్చి ఎప్పటి భోజనమే తినువారము మనము. మన సజ్జరొట్టెను, మన యనుములను, మన పెసరగుడాలను ఎరిగినవారు చెప్పిన పథ్యమే మనయింట సాగును.

అట్టి బిడ్డ వేరెక్కడినుండియో రాదు. మన యిండ్లనుండియే పోవలెను. ఎవరి యాడపిల్లయైనను గడప దాటి, ఆసుపత్రిలో రేయింబవళ్లు నిలిచి నేర్చినగాని ఆ యాసనమున కూర్చుండజాలదు. ఇతరుల బిడ్డలు దాటుదురుగాక, మన బిడ్డ ఇంటనే యుండి పత్రము తెచ్చుకొనునుగాక యనుకొనుట న్యాయము గాదు, లాభమును గాదు. హాస్టలును మీరు స్వయముగ పోయి చూడుడు. తోడిపిల్లల తల్లిదండ్రులతో మాటలాడుడు. ఒక్క పిల్లను పంపుటకు జంకినచో ఇరుగుపొరుగు గ్రామములవారు కలిసి ఇద్దరు ముగ్గురిని ఒక్కచోట చేర్పింపుడు. పెండ్లికై దాచిన ధనములో కొంత ముందుగా చదువునకు పెట్టుడు. అది పోవు ధనము గాదు.

పాఠము తీగమీద రావచ్చును. హస్తవాసి మాత్రము రోగి చెంతనే వచ్చును. ఈ రెంటిని వేరుపరచి చూచితిరేని మోసపోరు. పిల్లకు వివేకముతో దారి చూపి, ధైర్యముతో సాగనంపుడని కోరుచున్నాను.